పన్నెండు బస్తాలా, ఇరవై ఆరా? కంచె గుంతల కాంక్రీటు లెక్క

ప్రశ్న: మా స్థలం చుట్టుకొలత సుమారు 400 అడుగులు. చుట్టూ ఆరడుగుల ఎత్తున చెయిన్‌లింక్ కంచె వేయించాలనుకుంటున్నాం. రెండంగుళాల ఇనుప పైపులు 40, మూలలకు రెండున్నర అంగుళాలవి 4, పన్నెండు అడుగుల గేటుకు నాలుగంగుళాల చదరపు పైపులు 2, మొత్తం 46 స్తంభాలు. ఒక మేస్త్రీ వచ్చి చూసి ‘స్తంభానికి పావు బస్తా, పన్నెండు బస్తాల సిమెంటు చాలు’ అన్నాడు. ఇంకొకాయన ఇరవై ఆరుకు తక్కువైతే పని సాగదన్నాడు. ఇద్దరూ పనిలో పండినవాళ్లే. ఎవరి మాట నమ్మాలి? ఇసుక, కంకర ఎంత తెప్పించాలి? మిశ్రమం పొడిగానే గుంతలో పోసి పైన నీళ్లు పోస్తే సరిపోతుందని మరొకరు అంటున్నారు, అది మంచిదేనా?

సమాధానం: ఇద్దరి మాటలోనూ లెక్క ఉంది. వాళ్లిద్దరూ ఊహించుకున్న గుంతలే వేరు. పన్నెండు బస్తాలంటే యంత్రంతో సాఫీగా తీసిన పన్నెండంగుళాల గుండ్రటి గుంత. ఇరవై ఆరంటే గడ్డపారతో తవ్వగా తవ్వగా పదిహేనంగుళాలకు తెరుచుకున్న గుంత. పైనుంచి చూస్తే మూడంగుళాల తేడా కంటికి ఆనదు. కానీ ఒక్కో గుంతలో పట్టే కాంక్రీటు ఆ తేడాకే సగానికి పైగా పెరుగుతుంది. కాబట్టి స్తంభాల సంఖ్యను పట్టుకుని బస్తాలు చెప్పడం కుదరదు. గుంతను కొలిచి చెప్పాలి.

గుండ్రటి గుంతకు సూత్రం ఒక్కటే: వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, దాన్ని లోతుతో గుణించి, వచ్చినదాన్ని 0.785తో గుణించాలి. కొలతలన్నీ అడుగుల్లో ఉంటే జవాబు ఘనపుటడుగుల్లో, అంటే మేస్త్రీలు సీఎఫ్‌టీ అనే లెక్కలో వస్తుంది. సెంటీమీటర్లలో కొలిస్తే చివర్లో వెయ్యితో భాగించండి, లీటర్లు వస్తాయి. ఒక ఘనపుటడుగంటే 28.3 లీటర్లు. చదరపు గుంతకు 0.785 అక్కర్లేదు, పొడవు, వెడల్పు, లోతు గుణిస్తే చాలు. అడుగు చదరం గుంత, అడుగు వ్యాసం గుండ్రటి గుంత కన్నా 27 శాతం ఎక్కువ కాంక్రీటు తాగుతుంది. ఆ నాలుగు మూలల్లో పోసింది స్తంభం నిలబడటానికి పెద్దగా పనికొచ్చేదీ కాదు. వీలైతే గుంతలు గుండ్రంగానే తీయించండి.

ఇప్పుడు మీ మామూలు స్తంభాలు చూద్దాం. నేల మీద కనిపించే ఎత్తులో మూడో వంతు లోపల ఉండాలన్నది కంచెలకు వాడే మోటు లెక్క. ఆరడుగుల కంచెకు రెండడుగులు. గట్టి నేలలో ఇది సరిపోతుంది. ఇసుక నేల, పోసిన మట్టి, ఎప్పుడూ తడిగా ఉండే చోటు అయితే అర అడుగు కలపాలి. ఈ రెండడుగులూ కాంక్రీటు లోతు మాత్రమే. గుంత మాత్రం రెండున్నర అడుగులు తవ్వాలి. అడుగున ఆరంగుళాలు ఉత్త కంకర పోసి దిమ్మిస చేసి, దాని మీద పైపును నిలబెట్టాలి. ఎందుకో తర్వాత చెబుతాం. ముందు లెక్క పూర్తి చేద్దాం.

వ్యాసం ఒక అడుగు, కాంక్రీటు లోతు రెండడుగులు: 1 × 1 × 2 × 0.785 = 1.57 ఘనపుటడుగులు. ఇందులోంచి పైపు ఆక్రమించే చోటు తీసేయాలి. రెండంగుళాల పైపు అంటాం గానీ దాని బయటి వ్యాసం సుమారు 60 మిల్లీమీటర్లు, అంటే 0.2 అడుగు. రెండడుగుల లోతులో అది 0.06 ఘనపుటడుగే. మిగిలింది 1.51. తేడా నాలుగు శాతం కాబట్టి పైపులకు ఈ తీసివేత మానేసినా కొంప మునగదు. నాలుగంగుళాల సిమెంటు స్తంభమైతే 0.22 తీసేయాలి, అది 14 శాతం. ఆరంగుళాల రాతి కడీ అయితే అర ఘనపుటడుగు, దాదాపు మూడో వంతు. కడీలు పాతేవాళ్లు ఈ తీసివేత మరిచిపోతే సరుకు మిగిలిపోతుంది. అయితే ఆరంగుళాల కడీని పన్నెండంగుళాల గుంతలో దించకూడదు. దాని మూలల దగ్గర గుంత గోడకు రెండంగుళాల సందు కూడా ఉండదు, కంకర కిందికి దిగక మధ్యలోనే చిక్కుకుంటుంది. స్తంభం చుట్టూ ఏ వైపు చూసినా కనీసం మూడంగుళాల కాంక్రీటు ఉండాలి.

మీ మామూలు గుంతకు 1.51, అలాంటివి 40. సుమారు 60 ఘనపుటడుగులు.

మూల స్తంభాలను మామూలు వాటితో కలిపి లెక్కవేస్తే అక్కడే దెబ్బతింటారు. మధ్య స్తంభాన్ని జాలీ రెండు వైపులా సమానంగా లాగుతుంది, కాబట్టి అది నిలువుగా నిలబడితే చాలు. మూల స్తంభాన్ని రెండు దిక్కుల నుంచి లోపలికి లాగుతుంది. దానికి పదిహేనంగుళాల వ్యాసం, రెండున్నర అడుగుల కాంక్రీటు ఇవ్వండి: 1.25 × 1.25 × 2.5 × 0.785 = 3.07, పైపు పోగా దగ్గర దగ్గర 3. నాలుగు మూలలకు 12.

గేటు స్తంభం మీద రోజూ బరువు ఊగుతుంది. పన్నెండడుగుల గేటును రెండు రెక్కలుగా చేయించినా ఒక్కో రెక్క ఆరడుగుల చేయి చాచి స్తంభాన్ని లాగుతూనే ఉంటుంది. దీనికి పద్దెనిమిది అంగుళాల వ్యాసం, మూడడుగుల కాంక్రీటు: 1.5 × 1.5 × 3 × 0.785 = 5.3. నాలుగంగుళాల చదరపు పైపు 0.33 పోతే 5. రెండింటికి 10.

ఇక ఇద్దరు మేస్త్రీలూ నోటిలెక్కలో వదిలేసే అవకాశం ఉన్నవి ఊతాలు. మూల స్తంభానికి రెండు వైపులా ఏటవాలుగా ఒక్కో ఊతం కావాలి. గేటు దగ్గర జాలీ ఆగిపోతుంది కాబట్టి ఆ రెండు స్తంభాలకూ ఒక్కోటి. అంటే నాలుగు మూలలకు ఎనిమిది, గేటుకు రెండు, మొత్తం పది ఊతాలు. ఒక్కోదాని కాలికి అడుగు వ్యాసం, అడుగున్నర లోతు గుంత, సుమారు 1.15 ఘనపుటడుగులు. పదింటికి 11.5. మీరు 46 స్తంభాలు అన్నారు గానీ మీరు నింపాల్సిన గుంతలు 56.

పైన ప్రతి స్తంభం చుట్టూ తాబేటి డిప్పలా ఉబ్బెత్తుగా చేసే ముక్కకు అన్నిటికీ కలిపి ఒకటి వేసుకోండి. 60, 12, 10, 11.5, 1 కలిపితే 94.5. దీనికి పది శాతం తరుగు కలపాలి. గుంత ఒకచోట రాయి ఊడి పక్కకు తెరుచుకుంటుంది, పారలో, తట్టలో, నేల మీద కొంత పోతుంది. మొత్తం 104 ఘనపుటడుగులు.

ఇప్పుడు దీన్ని బస్తాల్లోకి మార్చాలి. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. ఒకటికి రెండు ఇసుక, నాలుగు కంకర పాళ్లలో కలిపితే 50 కిలోల బస్తా సిమెంటు సుమారు 1.25 ఘనపుటడుగులు, ఇసుక 2.5, కంకర 5. కలిపితే 8.75. బస్తాకు 8.75 ఘనపుటడుగుల కాంక్రీటు వస్తుందనుకుంటే పొరపాటు. కంకర మధ్య సందుల్లోకి ఇసుక దూరుతుంది, ఇసుక మధ్యకు సిమెంటు దూరుతుంది. అందుకే నీళ్లు పోసి కలిపి కుక్కాక మిగిలేది సుమారు 5.5 మాత్రమే. పొడి సరుకు తడి కాంక్రీటుకు ఒకటిన్నర రెట్లకు పైగా, మేస్త్రీల లెక్కలో 1.54 రెట్లు, ఉండాలనేది ఇందుకే. పన్నెండు బస్తాలకు ఇంకో దొంగదారి కూడా ఉంది చూడండి: 104ను 8.75తో భాగిస్తే దాదాపు 12 వస్తుంది.

సరైన భాగహారం 104 ÷ 5.5, అంటే 19 బస్తాలు. గేటు స్తంభాలకు పాళ్లు కొంచెం బలంగా ఉండాలి: ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర. ఆ పాళ్లలో బస్తాకు 4.4 ఘనపుటడుగులే వస్తుంది కాబట్టి అర బస్తా అదనం. మీ జవాబు 20 బస్తాలు, గుంతలు నిజంగా పన్నెండంగుళాలే ఉంటే.

పావు బస్తా మాటకూ ఆధారం లేకపోలేదు. పావు బస్తాతో ఇదే పాళ్లలో 1.4 ఘనపుటడుగులు వస్తుంది, మీ మామూలు గుంతకు కావలసింది 1.5. మధ్య స్తంభాల వరకు ఆయన దాదాపు సరిగ్గానే చెప్పాడు. మూలలు, గేటు, ఊతాలు, తరుగు ఆ మాటలోకి రాలేదు. పోనీ సిమెంటు తగ్గించి ఒకటికి మూడు, ఆరు పాళ్లలో కలిపితే బస్తాకు ఎనిమిది ఘనపుటడుగులు వస్తుంది, 104కు పదమూడు బస్తాలు సరిపోతాయి. ఆ మాలు పునాది కింద పరుపుకు పనికొస్తుంది. పైపును పట్టుకుని ఏళ్ల తరబడి గాలికి ఊగే దిమ్మకు వద్దు.

రెండో లెక్క చూడండి. గడ్డపారతో తవ్వి మధ్య గుంతలు పదిహేనంగుళాలు అయితే ఒక్కోటి 2.4 ఘనపుటడుగులు, నలభైకి 96. మిగతావి మారకపోయినా మొత్తం 130.5. తరుగుతో 143.5. దాన్ని 5.5తో భాగిస్తే 26. ఇరవై ఆరు అన్న ఆయన వేళ్ల మీద లెక్కపెట్టి ఉండడు, చేతికున్న అనుభవం చెప్పి ఉంటుంది. వ్యాసం పెరిగితే కాంక్రీటు దాని వర్గంలో పెరుగుతుందని గుర్తుంచుకుంటే చాలు: పన్నెండు నుంచి పద్నాలుగైతే 36 శాతం, పదిహేనైతే 56 శాతం. లోతు మాత్రం ఎంత పెరిగితే అంతే పెరుగుతుంది. పావు వంతు లోతు పెంచితే పావు వంతు కాంక్రీటు. పైగా కిందికి దిగేకొద్దీ నేల బిగువు ఎక్కువ, స్తంభం ఒరగకుండా ఆపేది ఆ అడుగు భాగమే. నాలుగు బస్తాలు ఎక్కువ పోయగల స్తోమత ఉంటే వాటిని వెడల్పులో పోయకండి, లోతులో పోయండి.

చేత్తో తవ్విన గుంత పైన వెడల్పుగా, అడుగున ఇరుకుగా గరాటులా ఉంటుంది. పైన కొలిచి అదే వ్యాసం అనుకుంటే ఎక్కువ వస్తుంది, అడుగున కొలిస్తే తక్కువ. పైన, నడుమ, అడుగున మూడుచోట్ల కొలిచి సగటు తీసుకోండి. పైన 15, అడుగున 11 ఉంటే 13 పెట్టి లెక్కవేయండి, కచ్చితమైన గరాటు లెక్కకూ దీనికీ ఒక్క శాతం కూడా తేడా రాదు. అన్ని గుంతలూ కొలవనక్కర్లేదు. మెత్తటి చోట రెండు, రాళ్లున్న చోట రెండు, మామూలు చోట రెండు చాలు. గరాటు ఆకారం లెక్కకే కాదు, స్తంభానికీ మంచిది కాదు. చలికి నేల గడ్డకట్టే చోట్ల, తడిస్తే ఉబ్బే నల్లరేగడిలో, పైన వెడల్పుగా ఉన్న దిమ్మను నేల కింద నుంచి పట్టి పైకి లేపుతుంది. గోడలు నిటారుగా చెక్కించండి. వీలైతే అడుగునే ఒక అంగుళం ఎక్కువ వెడల్పుగా తవ్వించండి. అటువంటి నేలల్లో రెండడుగుల లోతు కూడా చాలదు. గడ్డకట్టే, ఉబ్బే పొర దాటి కిందికి దిగాలి.

ఇసుక, కంకర సంగతి. బస్తాకు 2.5 చొప్పున 19 బస్తాలకు ఇసుక 47 ఘనపుటడుగులు. కానీ ఇసుక కొద్దిగా తడిగా ఉంటే ఉబ్బుతుంది. ఇది నీటి బరువు మాట కాదు, ఘనపరిమాణమే పెరుగుతుంది, సన్న ఇసుకలో 20 నుంచి 30 శాతం దాకా. తడి ఇసుకను పొడి ఇసుక కొలతతోనే వేస్తే మాలులో ఇసుక తగ్గి, కంకర తేలి, బస్తాకు 5.5 కూడా రాదు. మీ ఇసుక ఎంత ఉబ్బిందో తెలియాలంటే ఒక నిలువు డబ్బాలో వదులుగా నింపి పై మట్టం గీత పెట్టి, దాన్ని ఖాళీ చేసి, అదే డబ్బాలో సగం దాకా నీళ్లు పోసి ఇసుకను మళ్లీ కొంచెం కొంచెంగా వేసి కలియబెట్టండి. నీటిలో పూర్తిగా మునిగిన ఇసుక పొడి ఇసుక మట్టానికే దిగుతుంది. దిగిన ఎత్తు పది అంగుళాలు, పాత గీత పన్నెండు అంగుళాలు అయితే 20 శాతం ఉబ్బినట్టు. అంత మేర పెట్టెలో ఎక్కువ వేయాలి. ఈ లెక్కన మీరు 55 నుంచి 60 ఘనపుటడుగుల ఇసుక తెప్పించుకుంటే ఇబ్బంది ఉండదు.

కంకర 20 మిల్లీమీటర్లది. కాంక్రీటుకు 95, స్తంభాల గుంతల అడుగున పోయడానికి 20, మట్టిలో కలిసిపోయే కింద పొర కొంత. మొత్తం 120 నుంచి 125. అడుగు కంకరను చాలామంది లెక్కలో మరచిపోతారు, చివరి పది గుంతల దగ్గర కంకర కొరత పడుతుంది. అప్పుడు పనివాళ్లు ఇసుక పెంచి మాలు సాగదీస్తారు. చూడ్డానికి నున్నగా ఉంటుంది, బలం మాత్రం పడిపోతుంది.

కొలవడానికి తట్టలు నమ్మకండి. ఒకరు గోపురంలా నింపుతారు, ఒకరు అంచుకు నింపుతారు. లోపలి కొలత 12 అంగుళాలు, 12 అంగుళాలు, ఎత్తు 15 అంగుళాలు వచ్చేలా ఒక చెక్కపెట్టె చేయించండి. అది సరిగ్గా 1.25 ఘనపుటడుగులు. బస్తా సిమెంటుకు రెండు పెట్టెల ఇసుక, నాలుగు పెట్టెల కంకర, పైన బద్దతో గీసి చదును చేసి పోయాలి. సిమెంటును మాత్రం పెట్టెతో కొలవకండి, బస్తాను బస్తాగానే వేయండి. వదులుగా పోసిన సిమెంటు గాలి పట్టి పొంగుతుంది, పెట్టె నిండినా బరువు తగ్గుతుంది.

నీళ్లు బస్తాకు 25 నుంచి 28 లీటర్లు. తడి ఇసుకైతే అందులోంచి రెండు మూడు లీటర్లు తగ్గించండి. పనివాళ్లకు జారుగా ఉంటేనే సులువు, అందుకే బకెట్ల మీద బకెట్లు పోస్తారు. సిమెంటుకు అక్కరకు మించిన నీరు తర్వాత ఆవిరై బెజ్జాలు మిగులుస్తుంది, నీరు పెరిగేకొద్దీ బలం తగ్గుతూ పోతుంది. చేత్తో ముద్ద చేస్తే నిలవాలి, పిండితే నీళ్లు కారకూడదు, అంత తడి చాలు.

ఒక్కసారికి ఒక్క బస్తా మాత్రమే కలపండి. 5.5 ఘనపుటడుగులంటే మూడు మామూలు గుంతలు నిండి కొంత మిగులుతుంది. నీళ్లు పడ్డ అరగంట, ముప్పావుగంటలో అది గుంతలో ఉండాలి, ఎండలో ఇంకా త్వరగా. మూడు బస్తాలు ఒకేసారి కలిపి కుప్పపోస్తే చివరి గుంతకు చేరేసరికి బిగుసుకోవడం మొదలవుతుంది. అప్పుడు మళ్లీ నీళ్లు పోసి మెత్తబరుస్తారు, ఆ మాలుకు ఇక పట్టు ఉండదు. మిగిలిన కొంచెం నాలుగో గుంతలో పోయాలంటే తర్వాతి బస్తా అప్పటికే కలుపుతూ ఉండాలి. సగం నిండిన గుంతను భోజనం వేళకు వదిలి వస్తే రెండు పొరల మధ్య అతుకు పడుతుంది.

ఇక్కడే మీ లెక్కకు అసలు పరీక్ష కూడా ఉంది. ఇరవై బస్తాలూ ఒకేసారి దించుకోకండి. పదో పన్నెండో తెప్పించి మొదటి బస్తాతో ఎన్ని మామూలు గుంతలు నిండాయో చూడండి. మూడున్నర దాటితే మన లెక్క సరి. రెండు నిండి మూడోది మూడో వంతుకు ఆగిపోతే మీ గుంతలు పదిహేనంగుళాలవి, ఇరవై ఆరుకు సిద్ధపడండి. ఐదు నిండితే సంతోషించకండి. కంకర ఎక్కువ పడిందేమో, గుంతలు లోతు తక్కువేమో వెళ్లి చూడండి.

పొడి మిశ్రమం పోసి నీళ్లు పోయడం గురించి అడిగారు. తోట కంచెలో చిన్న మధ్య స్తంభాలకు, అన్నీ కలిపి సంచుల్లో అమ్మే తయారీ మిశ్రమంతో, ఆ సంచి మీద అలా రాసి ఉంటే, అది పనిచేస్తుంది. అక్కడ కూడా గుంతలోకి నీళ్లు మొత్తం ఒకచోట కుమ్మరించకూడదు. ఇసుక, కంకర, సిమెంటు మీరే విడిగా కలిపిన మాలుకు ఈ పద్ధతి పనికిరాదు. నీరు దారి దొరికిన చోటు నుంచి కిందికి జారుతుంది, దానితో సిమెంటు కొంత కొట్టుకుపోతుంది, పక్కన పొడి ముద్దలు అలాగే మిగులుతాయి. పైన గట్టిగా కనిపిస్తుంది, తవ్వి చూస్తే లోపల సిమెంటు పట్టని ఇసుక. మూల స్తంభాలకు, ఊతాలకు, గేటుకు ఏ మిశ్రమమైనా తడిపి కలిపే పోయండి.

తయారీ సంచులతో చేసేవాళ్లకు లెక్క వేరు. 25 కిలోల సంచికి 11 నుంచి 12 లీటర్ల కాంక్రీటు వస్తుంది. మీ మామూలు గుంతకు 1.51 ఘనపుటడుగులంటే సుమారు 43 లీటర్లు, నాలుగు సంచులు. బరువుతోనూ సరిచూసుకోవచ్చు: ఘనపుటడుగు కాంక్రీటు 68 కిలోలు తూగుతుంది కాబట్టి ఒక్కో మామూలు దిమ్మ వంద కిలోలు. వంద కిలోల దిమ్మకు ఒక్క 25 కిలోల సంచి చాలని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. నాలుగైదు గుంతలకైతే ఇవి హాయి. యాభై ఆరు గుంతలకు రెండు వందలకు పైగా సంచులు మోయాలి, అది మీ పని కాదు.

అడుగున కంకర ఎందుకన్నది చెప్పాలి. పైపు అడుగును కాంక్రీటుతో మూసేస్తే అది గిన్నెలా తయారవుతుంది. పైపు లోపల దిగిన వాన నీరు, పైపుకూ కాంక్రీటుకూ మధ్య సన్నటి సందులో జారిన నీరు అక్కడే నిలిచి ఇనుమును లోపలి నుంచి తింటుంది. కర్ర స్తంభమైతే కుళ్లుతుంది. పైపు కాలు కంకర మీద ఆని, ఒక అంగుళం అందులోకి దిగి ఉంటే నీటికి దారి ఉంటుంది. నేల మట్టం దగ్గర ఇంకో బలహీనత. తడి, గాలి రెండూ తగిలే ఆ నాలుగంగుళాల్లోనే తుప్పు మొదలవుతుంది. పాతకముందే పైపుకు నేల మట్టానికి ఆరంగుళాలు కింద, ఆరంగుళాలు పైన తారు రంగు రెండు పూతలు వేయించండి. కాంక్రీటు పై మట్టం నేల కన్నా అంగుళం ఎత్తుగా, పైపు నుంచి బయటికి వాలుగా ఉండాలి. నేల కన్నా దిగువన ఆపి మట్టి కప్పితే అందంగానే ఉంటుంది, కానీ నీళ్లు సరిగ్గా పైపు మొదట్లోనే చేరతాయి.

పోసేముందు గుంత గోడలు తడపండి, లేదంటే ఎండిన మట్టి కాంక్రీటులోని నీళ్లు పీల్చేస్తుంది. అడుగున నీళ్లు నిలిచి ఉంటే తోడేయండి. మూల స్తంభాలు నిలబెట్టాక వాటి మధ్య పైన ఒకటి, కింద ఒకటి దారాలు కట్టి మధ్యవాటిని దారానికి ఆనీ ఆనకుండా పెట్టండి. తూకం గుండు రెండు పక్కలా పట్టి నిలువు చూడాలి, ఒక పక్క చూస్తే చాలదు. ఎనిమిదంగుళాల మందం పోసినప్పుడల్లా ఇనుప కడ్డీతో చుట్టూ పొడవండి. పొడవకపోతే పైపు వెనక గాలి గదులు మిగిలి, ఏడాదికి స్తంభం వదులై ఊగుతుంది. పెద్ద రాళ్లు వేసి కాంక్రీటు మిగిల్చే అలవాటు కొందరికి ఉంది. పన్నెండంగుళాల గుంతలో పైపు చుట్టూ ఐదంగుళాల చోటే ఉంటుంది, అందులో పిడికెడు రాయి పడితే దాని కింద ఖాళీ తప్పదు. దగ్గరుండి చూసుకోండి.

పైపుల పొడవు ఒకసారి సరిచూడండి. మధ్యవి ఎనిమిదడుగులు చాలు. మూలవి ఎనిమిదిన్నర, గేటువి తొమ్మిదడుగులు కావాలి. అన్నీ ఒకే పొడవుకు కోయిస్తే, సరిగ్గా లోతు అవసరమైన ఆరు స్తంభాలే పొట్టివైపోతాయి. ఇంకా కోయించకపోతే ఇప్పుడే చెప్పండి.

పోసిన మర్నాటి నుంచి వారం రోజులు దిమ్మల మీద తడి గోనె కప్పి ఉంచండి. బూడిద కలిసిన సిమెంటైతే పది రోజులు. మూడు రోజులకే గట్టిగా కనిపిస్తుంది గానీ అప్పటికి పూర్తి బలంలో సగం కూడా రాదు. ఏడు రోజులకు మూడింట రెండు వంతుల దగ్గరికి చేరుతుంది. జాలీ బిగించి లాగడం వారం తర్వాతే పెట్టుకోండి. గేటు రెక్కలు రెండు వారాలు ఆగి తగిలించండి, ఈలోపు పైపుల మీద మూతలు బిగించే పని పూర్తవుతుంది.